కణానికి గ్రూపులు తెలియవు

పదో తరగతి పరీక్షలు దగ్గర పడుతున్నాయంటే ఇంట్లో పెద్దల మధ్య ఒకటే చర్చ: ఎం.పి.సి.యా, బై.పి.సి.యా? లెక్కలు బాగా వస్తే ఇంజనీరు, లెక్కలంటే భయమైతే డాక్టరు! ఒక గ్రూపులో చేరిన మరునాటి నుంచి చాలామంది రెండోదానికి నమస్కారం పెట్టేస్తారు. ఈ పద్ధతి మంచిది కాదని నా అభిప్రాయం. ఎందుకో చెప్పడానికి ఒక పరిశోధనను మీ ముందుంచుతాను.

మనిషి కణాలను ప్రయోగశాలలో పళ్ళేలలో పెంచడం చాలా కాలంగా ఉన్నదే. కాని పళ్ళెం అడుగున పలచని పొరలా పెరిగే కణాలు శరీరంలో ఉన్నట్లు ప్రవర్తించవు. పోనీ, ముద్దగా పెంచుదామా అంటే, ముద్ద మధ్యలోని కణాలు ఆక్సిజన్ అందక చచ్చిపోతాయి. దీనికి కారణం భౌతికశాస్త్రంలో ఉంది. ఆక్సిజన్ అణువులు వ్యాపనం వల్ల పోవలసిన దూరం రెట్టింపయితే, పట్టే కాలం నాలుగు రెట్లవుతుంది. దూరం పది రెట్లయితే కాలం నూరు రెట్లు! అందుకే మన శరీరంలో చాలా కణాలకు 100, 200 మైక్రాన్ల దూరంలోనే ఒక రక్తకేశనాళిక ఉంటుంది. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు.

మరి ప్రయోగశాలలో పెంచే కణజాలానికి ఇలాంటి నాళాలు ఎక్కడి నుంచి వస్తాయి? ‘మైక్రోఫ్లూయిడిక్స్’ అనే శాస్త్రం ఒక దారి చూపింది. సిలికోన్ రబ్బరు ముక్కలో వెంట్రుకంత సన్నని కాలువలు చేసి, వాటిలో కణాలను పెంచి, పోషక ద్రవాన్ని పారిస్తారు. దీనినే చిప్ అంటారు.

అమెరికాలోని మిచిగాన్ విశ్వవిద్యాలయంలో డాంగియున్ హుహ్ తన పిహెచ్.డి. పరిశోధన ఇలాంటి కాలువల మీదనే చేశాడు. కొన్ని ఊపిరితిత్తుల జబ్బుల్లో రోగి ఛాతీ మీద స్టెతస్కోపు పెడితే డాక్టరుకు చిటపట చప్పుడు వినిపిస్తుంది. హుహ్, ఆయన సహచరులు చిప్‌లో శ్వాసనాళపు కణాలను పెంచి, కాలువలో ద్రవాన్ని చిన్న బిరడాలా నడిపించారు. ఆ బిరడా పగిలినప్పుడు చిటపటమని చప్పుడు పుట్టింది, కణాలూ దెబ్బతిన్నాయి. ఈ ఫలితం 2007లో అచ్చయింది. ఇది జీవశాస్త్రమా, ధ్వనిశాస్త్రమా, ద్రవాల భౌతికశాస్త్రమా? మీరే చెప్పండి!

2010లో ఆయన హార్వర్డ్‌లో డొనాల్డ్ ఇంగ్బర్ బృందంతో కలిసి ‘చిప్ మీద ఊపిరితిత్తి’ని ప్రకటించాడు. సన్నని రంధ్రాలున్న పొరకు ఒకవైపు గాలి, ఊపిరితిత్తి కణాలు. రెండోవైపు ద్రవం, రక్తనాళపు కణాలు. పక్క గదుల్లో గాలిని పీల్చి వదులుతుంటే పొర సాగి ముడుచుకుంటుంది, మనం ఊపిరి తీసినట్లు. అలా ‘ఊపిరి తీసే’ చిప్‌లో సూక్ష్మ ధూళికణాల హాని ఎక్కువగా కనిపించింది. కదలని పళ్ళెం ఆ సంగతి చెప్పలేకపోయేది.

ఇంతమాత్రాన చిప్‌ను అవయవమే అనుకోరాదు. 2022లో ప్రచురించిన ఒక పరిశోధనలో 870 కాలేయ చిప్‌ల మీద 27 మందులను పరీక్షించారు. కాలేయానికి హాని చేసే మందులలో 87 శాతాన్ని అవి పట్టుకున్నాయి, మిగిలినవి తప్పించుకున్నాయి. పైగా సిలికోన్ రబ్బరు కొన్ని మందులను తానే పీల్చేసుకుంటుంది. అప్పుడు కణానికి అందిన మోతాదు ఎంత? దీనికి జవాబు రసాయనశాస్త్రం చెప్పాలి. కనుక ఈ రంగంలో పిహెచ్.డి. చేసే విద్యార్థి కణాలను బతికించడమే కాదు, ప్రవాహాన్ని లెక్కగట్టాలి, తన పరికరాన్నే అనుమానించాలి.

2023లో మన దేశపు కొత్త మందుల నిబంధనలను సవరించి, జంతువుల మీద చేసే పరీక్షలతోపాటు అవయవ చిప్‌ల వంటి పద్ధతులకూ చోటిచ్చారు. చట్టం తలుపు తెరిచింది. లోపలికి నడిచేవారు కావాలి కదా!

“ఒక్కడే అన్నీ నేర్చుకోగలడా?” అని అడగవచ్చు. అక్కరలేదు. పరిశోధన జట్టుగానే జరుగుతుంది. కాని జట్టులో పక్కవాడి మాట అర్థం కావాలి. జీవశాస్త్రం తెలియని ఇంజనీరు కాలువ చక్కగా చేస్తాడు, అందులో కణం బతకదు. లెక్కలు విడిచిన జీవశాస్త్రజ్ఞుడికి కణం ఎందుకు చచ్చిందో తేలదు.

కాబట్టి విద్యార్థులారా, మీకు నచ్చిన గ్రూపే తీసుకోండి. కాని రెండో తలుపుకు తాళం వేయకండి. ఎం.పి.సి. చదివేవారు ఉల్లిపొరను సూక్ష్మదర్శినిలో చూస్తూ ఉండండి. బై.పి.సి. వారు గ్రాఫు గీయడం, సమీకరణం సాధించడం మానకండి. ఉపాధ్యాయులకూ ఒక మనవి: నెలకొక్కసారైనా రెండు గ్రూపుల పిల్లలచేత కలిపి ఒక ప్రయోగం చేయించండి. ఇందుకు పెద్ద ఖర్చేమీ కాదు.