కొల్లేటి పక్షులు

మాఘము గడచి ఫాల్గుణము వచ్చుసరికి కొల్లేటి ప్రాంతమున మంచు పలుచబడును. ఎండ ఇంకను ముదిరి యుండదు. పక్షులను చూడగోరువారికి ఇంతకు మించిన అదను లేదు. చలికాలము గడపుటకై ఉత్తరాసియా నుండి వచ్చిన సూదితోక బాతులు తిరుగు ప్రయాణమునకు సిద్ధపడుచుండును. ఇచ్చటనే గూళ్ళు కట్టిన గూడబాతుల పిల్లలు తల్లులంత పెరిగి, రెక్కలు విదలించుచు మేతకై గోలచేయుచుండును. వెడలిపోవు పక్షులును, పుట్టి పెరుగు పక్షులును ఒక్కచోట కానవచ్చు దినములివి.

చూడవచ్చువారిలో పెక్కుమంది కైకలూరు చెంతనున్న ఆటపాకకే పోవుదురు. అచ్చటి గూడబాతులు నిజముగా చూడదగినవే. తల్లిపక్షి వచ్చి వాలగానే పిల్ల దాని ముక్కుక్రింది తోలుసంచిలో మెడవరకు తల దూర్చి చేపలను తినును. మొదటిసారి చూచువారికి తల్లియే పిల్లను మ్రింగుచున్నదా యని భయము కలుగును! అయితే ఆ గూళ్ళలో పెక్కు చెట్లపై లేవు. చెట్లు ఎండి కూలిపోగా, అటవీశాఖవారు నీటిలో నాటించిన ఇనుప స్తంభముల మీది తట్టలపై నున్నవి. పక్షులు వానినే కొమ్మలుగా భావించి పుల్లలు పేర్చుకొన్నవి.

ఇన్ని పక్షులుండగా కొల్లేటికి లోటేమని చూపరులు తృప్తితో మరలుచుందురు. ఇది తొందరపాటు మాట. గూడబాతు ఈదుచు చేపలు పట్టు పక్షి. దానికి లోతునీరైనను, చేపల చెరువైనను ఒక్కటే. ఉల్లంకి పిట్ట సంగతి వేరు. అది సన్నని కాళ్ళపై నడచుచు బురదలో ముక్కు గ్రుచ్చి పురుగులను ఏరుకొనును. జానెడు లోతు దాటిన నీరు దానికి పనికిరాదు. సూదితోక బాతు సైతము తోక పైకెత్తి, తల ముంచి, మెడకందినంత లోతునందే మేయును. దూరప్రయాణమునకు ముందు ఈ పక్షులు కడుపార తిని కొవ్వు కూడబెట్టుకొనవలయును. దారిలో అదియే వానికి చద్దిమూట.

బుడమేరు, తమ్మిలేరు మొదలగునవి తెచ్చిన వరదనీటిని కొల్లేరు నింపుకొని, ఉప్పుటేరు ద్వారా మెల్లగా సముద్రమునకు విడుచును. అట్లు నీరు తీయుచుండగా అంచులందు బురదనేల బయటపడుచుండును. ఉల్లంకులకు అదియే అన్నపుపళ్ళెము. ఎత్తైన గట్లు వేసి ఏడాది పొడవున లోతునీరు నిలిపిన చెరువులో ఆ అంచు ఉండదు.

గూడబాతులున్నను నమ్మకము లేదనుటకు ఒక పూర్వకథ కలదు. 1946లో పక్షిశాస్త్రజ్ఞుడు కె.కె. నీలకంఠన్ ఈ ప్రాంతమున సుమారు మూడువేల గూడబాతుల స్థావరమును కనుగొనెను. 1975 ప్రాంతమునకు అది లేకుండ పోయినది.

సముద్రమట్టమునకు ఐదడుగుల ఎత్తు వరకు గల 308 చదరపు కిలోమీటర్ల సరస్సును 1999లో అభయారణ్యముగా ప్రకటించిరి. 2002లో అది రామ్‌సార్ ఒప్పందపు జాబితాకెక్కినది. 2006లో సరస్సులోని చేపల చెరువుల గట్లను తెగగొట్టిరి. ఆ చెరువులపై బ్రతికినవారికి అది చిన్న దెబ్బ కాదు. పట్టణములలో కూర్చుండి, చేపలకూర తినుచు, చెరువులన్నియు పోవలయునని పలుకుట సులభమే! కాని లంక గ్రామములవారికి కూడు ముఖ్యము. సరస్సు హద్దుకు వెలుపల చెరువులుండవచ్చును. హద్దులోపల నీరు తన ఇచ్చవచ్చినట్లు పెరుగుచు తరుగుచు నుండవలయును. గట్టు కోల్పోయిన పేదవానికి వేరు జీవనము చూపవలయును. ఈ మూడవది జరుగనిచో మొదటి రెండును నిలువవు.

ప్రతి సంవత్సరము జనవరిలో ఆసియా దేశములందు నీటిపక్షులను లెక్కించు పని జరుగుచున్నది. భారతదేశమున ఇది 1987 నుండి సాగుచున్నది. ఆ పనికి పెద్ద చదువు అక్కరలేదు. దుర్భిణియు, పుస్తకమును, ఓపికయు చాలును. ఆటపాకకు వెళ్ళిన విద్యార్థులు గూడబాతులను చూచిన పిమ్మట ఒక గంట నిలిచి, దారి ప్రక్కన బురద కనబడిన చోట ఉల్లంకులు ఎన్ని వాలినవో వ్రాసికొనవచ్చును. మరుసటి ఫాల్గుణమున అదే చోట, అదే వేళ మరల లెక్కించినచో, కొల్లేరు ఎట్లున్నదో ఆ రెండు అంకెలే కొంత చెప్పగలవు.