ఏడు ఓట్ల తీర్పు

ఇంగ్లండు దేశపు ఎన్నికలనగానే మన విద్యార్థులకు పార్లమెంటు భవనము, ప్రధానమంత్రి నివాసము, టెమ్సు నది ఒడ్డునగల పెద్ద గడియారము జ్ఞాపకమునకు వచ్చును. మన పౌరశాస్త్ర పాఠములు కూడ చాల వరకు అక్కడికే ఆగిపోవును. కాని ఆ దేశపు ప్రజాస్వామ్యము నిజముగా ఎట్లు నడచునో, ఎక్కడ తడబడునో తెలిసికొనవలెనన్న ఒక వీధి వారు, ఒక పేట వారు తమ కౌన్సిలరును ఎన్నుకొను తీరును పరిశీలించుట మేలు. అందుకు లండన్ తూర్పు భాగమున 1993లో జరిగిన ఒక వార్డు ఉప ఎన్నికను మించిన ఉదాహరణము దొరకదని నా అభిప్రాయము. అందు గెలుపు ఓటములను నిర్ణయించినవి ఏడే ఏడు ఓట్లు.

ముందుగా ఆ యంత్రాంగమును గురించి రెండు మాటలు చెప్పవలెను. లండన్ మహానగరము 32 బరోలుగను, వానికి వెలుపల ప్రాచీనమైన సిటీగను విభజింపబడి ఉన్నది. బరో కౌన్సిలు చేతిలో రాజ్యాంగమును మార్చు అధికారమేదియు లేదు. పేదలకు ఇండ్లు, చెత్త ఎత్తుట, గ్రంథాలయములు, వృద్ధుల సంరక్షణ, ఇంటిపన్ను, ఇవియే దాని పనులు. వార్డుకు ఒకరు మొదలు ముగ్గురు వరకు సభ్యులు ఉందురు. నాలుగేండ్లకొకసారి మే నెలలో ఒక గురువారమునాడు ఎన్నిక జరుగును. కౌన్సిలరు పదవికి నిలబడువాడు ధరావతు కట్టనక్కరలేదు. ఎక్కువ ఓట్లు వచ్చినవాడే గెలిచినవాడు. అతనికి సగము ఓట్లు రావలెనన్న నియమము లేదు. ఈ చివరి మాటను పాఠకులు గుర్తుంచుకొనవలెను.

సభ్యుడు మరణించినను, రాజీనామా చేసినను, తగిన కారణము లేక ఆరు నెలలపాటు సమావేశములకు రాకపోయినను స్థానము ఖాళీ అగును. ఆ ఖాళీని ప్రభుత్వము తనంతట తాను పూరింపదు. ఆ ప్రాంతపు ఓటర్లలో ఇద్దరు ‘ఎన్నిక జరుపుడు’ అని వ్రాతమూలకముగా కోరినచో 35 పని దినములలోగా ఉప ఎన్నిక జరిగి తీరవలెను. సాధారణ ఎన్నికకు ఆరు నెలల లోపున ఏర్పడిన ఖాళీలకు మాత్రము దానినుండి మినహాయింపు. ఇద్దరు సామాన్యులు చిన్న కాగితము వ్రాసి ఎన్నికను తెప్పించగలుగుట మెచ్చదగిన ఏర్పాటే. అయితే అట్లు వచ్చిన ఎన్నికకు ఓటర్లు వత్తురా అన్నది వేరే ప్రశ్న.

ఇక స్థలమునకు పోదము. టెమ్సు నది తూర్పు లండన్‌లో గుఱ్ఱపు నాడా వలె పెద్ద వంపు తిరుగును. ఆ వంపు నడుమనున్న భూభాగమునకు ‘ఐల్ ఆఫ్ డాగ్స్’ అని పేరు. పేరుకు ద్వీపమే గాని మూడు దిక్కులనే నీరు. 1802లో అక్కడ వెస్టిండియా డాకులు వెలసినవి. దాపుననే బ్లాక్‌వాల్ వద్ద 1806లో ఈస్టిండియా డాకులు తెరచినారు. బ్లాక్‌వాల్ పేరు మనకు బొత్తిగా పరాయిది కాదు. 1611లో మచిలీపట్టణమున కొట్టు పెట్టిన కుంపిణీవారి ఓడలు ఆ శతాబ్దమునుండియే ఆ తీరమున నిలిచెడివి. మన కోరమండల తీరపు బట్టలు మోసిన ఓడలకు అది ఇంటి రేవు. అందులో పనిచేసిన నావికులలో బెంగాలీలు, ముఖ్యముగా సిల్హెటు ప్రాంతమువారు చాలమంది ఉండిరి. నేడు తూర్పు లండన్‌లో బంగ్లాదేశీయులు పెద్ద సంఖ్యలో ఉండుటకు మూలము అచ్చటనే ఉన్నది.

ఆ ద్వీపము అప్పట్లో పోప్లరు బరోలోనిది. పోప్లరు ప్రజల తెగువను గూర్చి ఒక సంగతి చెప్పక ముందుకు సాగుటకు మనసొప్పదు. 1919 కౌన్సిలు ఎన్నికలలో అచ్చట 42 స్థానములకుగాను 39 లేబరు పక్షమునకు వచ్చినవి. రెండేండ్లకు నిరుద్యోగము మిక్కుటమైనది. బీదల పోషణభారము ఏ బరోది ఆ బరోయే మోయవలెనను చట్టమువలన బీద బరోలో పన్ను ఎక్కువ, ధనిక బరోలో పన్ను తక్కువ! లండన్ మహానగర సంస్థలకు చెల్లించవలసిన భాగమును వసూలు చేయుటకే పోప్లరు కౌన్సిలు నిరాకరించినది. 1921 సెప్టెంబరులో 30 మంది కౌన్సిలర్లు చెరసాలకు పోయినారు. వారిలో ఆడవారును కలరు. ఖైదులోనే కౌన్సిలు సమావేశములు జరిపినారు. ఆరు వారములకు విడుదలయినారు. బీదల పోషణభారమును నగరమంతయు పంచుకొనవలెనని చట్టమును మార్పించినారు. వారి నాయకుడైన జార్జి లాన్స్‌బరీ అనంతరము లేబరు పక్షమునకే అధినేత అయినాడు. 1931లో రౌండు టేబులు సమావేశమునకు పోయిన గాంధీమహాత్ముడు హోటలులో దిగనొల్లక బస చేసిన కింగ్స్‌లీ హాలు ఆ బరోలోనిదే. ఆయనకు ఆతిథ్యమిచ్చిన మ్యూరియల్ లెస్టరు పోప్లరు కౌన్సిలులో పనిచేసినామెయే.

ఇట్టి చరిత్రగల నేలమీదనే 1993 నాటి ఉదంతము జరిగినది. 1965లో పోప్లరు, స్టెప్నీ, బెత్నల్ గ్రీను కలిపి ‘టవర్ హామ్లెట్స్’ అను కొత్త బరోను ఏర్పరచినారు. 1980 నాటికి ద్వీపములోని డాకులు మూతపడినవి. తాత, తండ్రి, కొడుకు అందరును ఓడల సరకు ఎత్తి దింపి బ్రతికిన కుటుంబములకు పని పోయినది. మరుసటి ఏట ప్రభుత్వము ఆ భూములను అభివృద్ధి సంస్థ చేతిలో పెట్టినది. 1991 నాటికి కానరీ వార్ఫులో దేశమునకెల్ల ఎత్తయిన భవనము లేచినది. దాని నీడన కౌన్సిలు ఇండ్లలోని వారికి అందులో ఉద్యోగము దొరకలేదు. నదీ తీరమున కొత్తగా కట్టిన ఇండ్ల ధరలు వారికి అందుబాటులో లేవు. 1980 చట్టము ప్రకారము కౌన్సిలు ఇండ్లను కాపురమున్నవారికే అమ్ముచుండుటచే అద్దెకిచ్చు ఇండ్లు తరిగిపోవుచుండెను. నిలువ నీడ లేనివారికి ముందుగా ఇల్లు చూపవలెనని 1977 నాటి చట్టము. పెద్ద కుటుంబములతో ఇరుకు గదులలో తలదాచుకొన్న బంగ్లాదేశీయులకు ఆ చట్టము చొప్పున కొన్ని ఇండ్లు వచ్చినవి. పెండ్లియై తల్లిదండ్రుల ఇంటిలోనే ఉండిపోయిన తెల్ల యువకుడు దానిని చూచి, ‘మా ఇల్లు వారికిచ్చినారు’ అనుకొన్నాడు. ఇండ్లు కట్టుట మానినదెవరు అన్న ప్రశ్న అతనికి తట్టలేదు; తట్టించువారును తక్కువయినారు.

బంగ్లాదేశీయుల బాధలు మాటలతో పోలేదు. 1978 మే 4వ తేదీన, సరిగా కౌన్సిలు ఎన్నికలు జరుగుచున్న దినముననే, వైట్‌చాపెలులో ఆల్తాబ్ అలీ అను బట్టల కార్మికుడు పని ముగించి ఇంటికి పోవుచుండగా జాతిద్వేషులు పొడిచి చంపినారు. వేలకొలది జనము ఆతని శవపేటిక వెంట ప్రధానమంత్రి నివాసము వరకు నడచినారు. ఆ స్థలమందలి పార్కునకు ఇప్పుడు ఆతని పేరే.

నా దృష్టిలో అసలు విశేషము ఇకమీద చెప్పబోవునది. జాతిద్వేషపు పక్షము ఆకాశమునుండి ఊడిపడలేదు. 1986 నుండి బరో కౌన్సిలు లిబరల్ పక్షము చేతిలో ఉండెను. వారు బరోను ఏడు ముక్కలుగా చేసి పరిపాలనను పేటలకు పంచినారు. చూచుటకిది వికేంద్రీకరణము, మెచ్చుకొనతగినదే. కాని తమ చేతిలోని పేటలలో ‘కొడుకులు, కూతుళ్లు’ అను పథకమును పెట్టి, స్థానికుల సంతానమునకు ఇండ్లలో మొదటి హక్కు అన్నారు. స్థానికులనగా ఎవరో విడమరచి చెప్పనక్కరలేదు, వినువారికి తెలియును. వారి పక్షము పంచిన కొన్ని కరపత్రములు ఎంత జుగుప్సాకరముగా ఉండినవనగా, అనంతరము ఆ పక్షపు జాతీయ నాయకత్వమే ఆంథొనీ లెస్టరు అను న్యాయవేత్త ఆధ్వర్యమున విచారణ జరిపించవలసి వచ్చినది. మర్యాదస్థుల పక్షము గుసగుసగా పలికిన మాటనే బ్రిటిష్ నేషనల్ పార్టీవారు ‘తెల్లవారికి హక్కులు’ అని బిగ్గరగా అరచినారు. గుసగుసకు అలవాటుపడిన చెవికి అరుపు అంత కఠోరముగా తోచలేదు.

1992లో మిల్‌వాల్ వార్డు ఉప ఎన్నికలో ఆ పక్షమునకు సుమారు ఐదవ వంతు ఓట్లు వచ్చినవి. అదియొక హెచ్చరిక, పట్టించుకొన్నవారు తక్కువ. మరుసటి ఏట అదే వార్డులో మరల స్థానము ఖాళీ అయినది. 1993 సెప్టెంబరు 16న పోలింగు. వచ్చిన ఓటర్లు నూటికి సుమారు 44 మంది. ఉప ఎన్నికకు అది తక్కువేమియు కాదు. లెక్క తేలునప్పటికి బ్రిటిష్ నేషనల్ పార్టీ అభ్యర్థి డెరెక్ బీకన్‌కు 1480 ఓట్లు, లేబరు అభ్యర్థికి 1473. పోలైన ఓట్లలో నూటికి 34 మాత్రమే బీకన్‌వి. తక్కినవి లేబరుకును, మూడవ స్థానమందున్న లిబరల్ డెమోక్రాటులకును చీలిపోయినవి. నూటికి 66 మంది కాదన్నవాడు కౌన్సిలరు అయినాడు.

ఒక్క సభ్యుడు కౌన్సిలులో చేయగలిగినదేమున్నది? ఒక్క ఇల్లయినను ఆతడు ఎవరికిని ఇప్పించలేడు, ఎవరినుండియు లాగుకొనలేడు. అయినను లండన్ నగరమంతయు ఉలిక్కిపడినది. కారణము సులభము. అధికారము లేకున్నను ఆ గెలుపు వీధిలోని రౌడీకి ధైర్యమునిచ్చినది. బడికి పోవు పిల్లలను వెంటబడి తిట్టువానికి ‘మాకును ఒక కౌన్సిలరు ఉన్నాడు’ అను గర్వమునిచ్చినది. అక్టోబరులో ఆ పక్షపు పుస్తకాల దుకాణమున్న వెల్లింగ్ పట్టణమునకు వేలకొలది ప్రజలు నిరసన ఊరేగింపు తీయగా, పోలీసులతో పెద్ద సంఘర్షణ జరిగినది. ఊరేగింపులు వార్తాపత్రికల కెక్కినవి. మిల్‌వాల్ ఫలితమును మార్చినవి మాత్రము అవి కావు.

మార్చినది నిరాడంబరమైన పని. 1994 మేలో సాధారణ ఎన్నికలు రానున్నవి. ఎనిమిది నెలల వ్యవధి ఉన్నది. చర్చిలవారు, కార్మిక సంఘములవారు, బంగ్లాదేశీయ సంఘములవారు, ఆ వార్డులోని సామాన్య స్త్రీలు ఇల్లిల్లు తిరిగి ఓటర్ల జాబితాలో పేర్లు చేర్పించినారు. ఓటు వేయుటకు పోవుటకే భయపడుచున్న కుటుంబములకు తోడు వెళ్లినారు. నూటికి 44గా ఉన్న పోలింగు మూడింట రెండు వంతులకు పెరిగినది. మూడు స్థానములును లేబరువే అయినవి. బరో మొత్తముమీద కూడ లిబరల్ పక్షము పరాజయము పొందినది.

ఇచ్చట ఉపాధ్యాయులు విద్యార్థులచేత లెక్క చేయింపదగిన ముచ్చట ఒకటి ఉన్నది. ఓడిపోయిన బీకన్‌కు ఈసారి వచ్చిన ఓట్లు తగ్గలేదు, 2000కు మించినవి! గెలిచినప్పటికంటె ఓడినప్పుడు అయిదువందలకు పైగా ఎక్కువ వచ్చినవన్నమాట. ఆతనికి ఓటువేసినవారి మనసు మారినదని చెప్పుటకు ఆధారము లేదు. మారినదల్లా ఇంటిలో కూర్చున్నవారు లేచి వచ్చుటయే. కొందరు వ్యాఖ్యాతలు దీనిని ద్వేషముపై సద్భావము సాధించిన విజయముగా వర్ణించినారు. నేను అంత దూరము పోజాలను. ద్వేషము ఉన్నచోటనే ఉన్నది, కొంచెము పెరిగినది కూడ. దానికి కారణమైన ఇండ్ల కొరత అట్లే ఉండిపోయినది. ఓటమిపాలయినది దాని అభ్యర్థి మాత్రమే. అయినను ఆ ‘మాత్రమే’ను తేలికగా తీసివేయరాదు, బడికి పోవు ఆ పిల్లలకు అదియే చాల పెద్ద తేడా.

బంగ్లాదేశీయుల చేతికి అధికారము వచ్చినంతమాత్రాన ఆ బరో ఎన్నికలు నిష్కళంకములయినవని అనుకొనరాదు. 2010 నుండి టవర్ హామ్లెట్స్‌లో మేయరును ప్రజలే నేరుగా ఎన్నుకొనుచున్నారు. మొదటి మేయరు లుత్ఫుర్ రెహమాన్ 2014లో మరల గెలువగా, నలుగురు సామాన్య ఓటర్లు ఎన్నిక చెల్లదని పిటిషను వేసినారు. 2015 ఏప్రిల్‌లో ఎన్నికల న్యాయస్థానము అవినీతికర, చట్టవిరుద్ధ చర్యలు జరిగినవని తేల్చి ఆ ఎన్నికను రద్దుచేసినది. ఐదేండ్లపాటు ఆయన పోటీచేయరాదన్నది. ఆయనపై నేరాభియోగమేదియు మోపబడలేదు. జూన్‌లో జరిగిన మేయరు ఎన్నికలో లేబరు అభ్యర్థి జాన్ బిగ్స్ గెలిచినాడు. నిషేధకాలము తీరిన పిమ్మట 2022లో అదే రెహమాన్‌ను అదే ప్రజలు ఎన్నుకొన్నారు; ఆయన పక్షమునకు కౌన్సిలులో 45కు 24 స్థానములు కూడ ఇచ్చినారు. న్యాయస్థానము ఒకటి చెప్పినది, ఓటరు మరియొకటి చెప్పినాడు. ఎవరిది ఒప్పన్న చర్చ ఆ బరోలో సులభముగా తెగునది కాదు. పిటిషను వేయుటకు నలుగురు, ఉప ఎన్నిక కోరుటకు ఇద్దరు చాలుదురన్నది మాత్రము మన విద్యార్థులు గమనింపవలసిన విషయము.

మన పిల్లలకు దీనితో మరియొక సంబంధము కూడ ఉన్నది. చదువు నిమిత్తము ఇంగ్లండుకు పోవు తెలుగు విద్యార్థులు వేలకొలది ఉన్నారు. వారిలో పెక్కుమందికి తెలియని సంగతి యేమనగా, భారతదేశము కామన్వెల్తు సభ్యదేశము గనుక, అచ్చట చట్టబద్ధముగా నివసించుచున్న భారత పౌరునికి కౌన్సిలు ఎన్నికలలోనే గాక పార్లమెంటు ఎన్నికలలో సైతము ఓటు హక్కు కలదు. తాత్కాలికపు వీసాపై ఉన్న విద్యార్థియు అందుకు అర్హుడే. అయితే పేరు దానంతట అది జాబితాలో చేరదు; దరఖాస్తు చేసికొనవలెను. 2023 మే నెలనుండి పోలింగు కేంద్రములో ఫొటో ఉన్న గుర్తింపు పత్రము చూపవలెనన్న నియమము వచ్చినది. అందుకు కామన్వెల్తు దేశముల పాస్‌పోర్టులు చెల్లును. మన పాస్‌పోర్టును తీసికొని ఉదయము 7 గంటలకును రాత్రి 10 గంటలకును నడుమ ఎప్పుడు పోయినను ఓటు చీటీ చేతికిత్తురు.