సణుగుడా? మొరా?



పోయిన ఏడాది మన సహోదరుడొకరు తాను సూపర్‌వైజర్‌గా పనిచేసే రొయ్యల కంపెనీలో ప్రార్థనకు నన్ను పిలిచారు. "అయ్యగారూ, ఆడవాళ్ళు ఈమధ్య బాగా సణుగుతున్నారు. అరణ్యంలో ఇశ్రాయేలీయుల సంగతి గట్టిగా చెప్పండి" అన్నారు. చెప్పాను. సంఖ్యాకాండం తీసి, సణిగినవాళ్ళకు ఏం జరిగిందో అరగంట చెప్పాను. బయటికొచ్చి చెప్పులు వేసుకుంటుంటే ఒక అక్క దగ్గరకొచ్చి మెల్లగా అడిగింది: "అయ్యగారూ, బాత్రూమ్‌కి వెళ్ళొస్తానని అడగడం కూడా సణుగుడేనా?"

నా దగ్గర జవాబు లేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మన మందిరం శ్లాబుకు సిమెంటు ఇచ్చింది ఆ సహోదరుడే. ఆ సిమెంటు నా నోటికి కూడా కొంచెం అంటుకుందని అప్పుడే తెలిసింది. మత్తయి 18లో ప్రభువు చెప్పినట్టు ముందు ఆయనతో ఒంటరిగా మాట్లాడాను. ఆయన ఒప్పుకున్న తర్వాతే ఇది రాస్తున్నాను.

నలుగురి మీద అజమాయిషీ చేసే ప్రతి విశ్వాసికీ ఈ మాట: మేస్త్రీలకు, ఫ్యాక్టరీ సూపర్‌వైజర్లకు, హైదరాబాదులో టీమ్ లీడర్లకు, గల్ఫ్‌లో ఫోర్‌మన్లకు. కింద పనిచేసేవాళ్ళ బాధకు "సణుగుడు" అని పేరు పెట్టి, వాక్యం చూపించి నోరు మూయించడం పాపం. ఆ పాపంలో నాకూ భాగముంది.

అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయం తెరవండి. రోజూ జరిగే పంపకంలో గ్రీకు భాష మాట్లాడే విధవరాండ్రను చిన్నచూపు చూశారు. వాళ్ళవాళ్ళు సణిగారు. మన తెలుగు బైబిల్లో అక్కడ ఉన్నది ఆ మాటే. మరి అపొస్తలులు ఏం చేశారు? "సణిగితే నశిస్తారు" అన్నారా? మొదట ఎవరు అన్నారో కూపీ లాగారా? లేదు. అందరినీ కూర్చోబెట్టి, ఏడుగురిని ఎన్నుకోమన్నారు. స్తెఫను మొదలుకొని నీకొలాసు దాకా ఆ ఏడు పేర్లూ గ్రీకు పేర్లే. అంటే బాధపడ్డవాళ్ళ పక్షం వాళ్ళ చేతికే పంపకం అప్పగించినట్టు. తర్వాత ఏడో వచనంలో శిష్యుల సంఖ్య పెరిగిందని ఉంది. ఫిర్యాదు విన్నందుకు సంఘం చీలిపోలేదు, విస్తరించింది.

"మరి అరణ్యం సంగతి?" అంటారా. నేను ఆ రోజు సగమే చెప్పాను. మారా దగ్గర నీళ్ళు చేదుగా ఉన్నాయని ప్రజలు సణిగితే దేవుడు దెబ్బ కొట్టలేదు, ఒక చెట్టు చూపించి నీళ్ళు తియ్యగా చేశాడు. పెద్ద శిక్ష వచ్చింది ఎప్పుడు? ఆయన ఇచ్చే దేశమే వద్దు, ఐగుప్తుకు తిరిగి పోదాం అన్నప్పుడు. దాహమేసినవాడు అడిగేది వేరు, తిరుగుబాటు వేరు. మనం రెంటినీ ఒకే గాటన కట్టి, మనకు పనికొచ్చే సగాన్ని ప్రసంగిస్తున్నాం.

ఆ సహోదరుడు నాతో అన్నారు: "పైనుంచి నాకెంత ఒత్తిడి ఉంటుందో మీకు తెలియదు అయ్యగారూ. లోడు టైముకి వెళ్ళకపోతే నన్నే అంటారు." నిజమే. నిర్గమకాండము 5లో ఇటుకల పని మీద ఉన్న ఇశ్రాయేలు నాయకుల పరిస్థితీ అదే. గడ్డి ఇవ్వరు, లెక్క తగ్గించరు, దెబ్బలు వాళ్ళకే. అయినా వాళ్ళు ఆ దెబ్బను కిందికి తోసెయ్యలేదు. తిన్నగా ఫరో దగ్గరకు వెళ్ళి, ఇది అన్యాయమని మొరపెట్టారు. ఫరో ఏమన్నాడు? మీరు సోమరులు, అందుకే ఇలా అడుగుతున్నారు అన్నాడు. మీ నోట "వీళ్ళకు బద్ధకం" అనే మాట వచ్చినప్పుడల్లా ఎవరి మాట పలుకుతున్నారో చూసుకోండి.

పని ఎగ్గొట్టేవాళ్ళు లేరా? ఉన్నారు. పౌలు కూడా థెస్సలొనీకయులకు రాసిన రెండో పత్రికలో అలాంటివాళ్ళను మందలించాడు. కానీ ఎవరు బద్ధకస్తుడో, ఎవరు నలిగిపోయినవాడో వినకుండా ఎలా తెలుస్తుంది?

కాబట్టి ఇలా చేయండి. మొదట వినండి, అందరి ముందు కాదు, పక్కకు పిలిచి. అడ్డు తగలకండి. వెంటనే జవాబు చెప్పాలని లేదు. ప్రజల మొర విన్నప్పుడు నెహెమ్యాకు కోపం వచ్చింది, అయినా ముందు తనలో తాను ఆలోచించుకున్నాడు, ఆ తర్వాతే పెద్దలను నిలదీశాడు. మీ చేతిలో ఉన్నది ఆ రోజే సరిచేయండి. బాత్రూమ్‌కి పంపడానికి ఏ యజమాని సంతకం కావాలి? మీ చేతిలో లేనిది పైకి తీసుకెళ్ళి, ఏం జరిగిందో తిరిగొచ్చి చెప్పండి, కాదన్నా సరే. నోరు విప్పినవాళ్ళకు మర్నాడు కష్టమైన పని వేసి కక్ష తీర్చుకోకండి. బెదిరించడం మానమని ఎఫెసీయులకు 6:9లో యజమానులకు ఆజ్ఞ ఉంది.

వాళ్ళు అడిగేది దయ కూడా కాదు. నిలబడి పనిచేసేవాళ్ళకు వీలు దొరికినప్పుడు కూర్చోవడానికి ఏర్పాటు ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే ఉండేది. అదనపు గంటలకు రెట్టింపు కూలి అనీ అందులో ఉండేది. లోకపు చట్టం ఇంత చెప్పినప్పుడు, విశ్వాసి అంతకంటే తక్కువ చేసి "దేవునికి స్తోత్రం" అంటే ఎలా?

యోబు తన దాసదాసీల ఫిర్యాదును తోసిపుచ్చి ఉంటే దేవుడు లేచినప్పుడు ఏమని జవాబివ్వాలి అని భయపడ్డాడు. ఆదివారం ముందు బెంచీలో కూర్చునే మనకు ఆ భయం ఉందా?

అక్కా, నీ ప్రశ్నకు జవాబు ఆలస్యమైంది, క్షమించు. నువ్వు అడిగింది సణుగుడు కాదు, మొర. ఐగుప్తులో ఆ మొర విన్న దేవుడు మంచు గడ్డల మధ్య నిలబడిన నీ మొర కూడా వింటున్నాడు. ఆయన మన చెవులు కూడా తెరుచును గాక. ఆమేన్.