మార్గరీతా షిర్గు: ప్రవాసములో రంగస్థలము

స్పానిష్ నాటకరంగమున మార్గరీతా షిర్గును కవి లోర్కా నాయికగా మాత్రమే స్మరించువారు అనేకులు. అది సగము సత్యము. 1934లో మాడ్రిడ్ నగరమున అతని 'యెర్మా'కు తొలిసారి ప్రాణము పోసిన నటి ఆమెయే. 1936 ఆరంభమున నాటక బృందముతో అమెరికా ఖండమునకు ఓడ యెక్కినది. ఆ వేసవిలో స్వదేశమున అంతర్యుద్ధము చెలరేగినది. ఆగస్టులో ఫ్రాంకో పక్షమువారు లోర్కాను కాల్చి చంపిరి. ఆమె మరల స్పెయిన్ గడ్డపై కాలు మోపలేదు.

లోర్కా చివరి నాటకము 'బెర్నార్దా ఆల్బా ఇల్లు' అతడు కన్నుమూసిన తొమ్మిదేండ్లకు, 1945లో, బ్యూనస్ ఐరిస్ నగరమున తొలిసారి వెలుగు చూచినది. దర్శకత్వము షిర్గుదే, కఠినురాలైన ఆ తల్లి పాత్రయు ఆమెదే.

అయినను పాత్ర తెరతో ముగియును. ఉచ్చారణ, ఊపిరి, నిలుచు తీరు — ఇవి ఏ గ్రంథమునను పూర్తిగా ఇమడవు, ఎదుట నిలిచిన శిష్యునికే అందును. 1949లో ఉరుగ్వే రాజధాని మాంటెవీడియోలో నగరపాలక సంఘమువారి నాటక విద్యాలయమునకు సారథ్యము వహించి, ఆమె ఆ పనికే పూనుకొన్నది. నటిగా పొందిన కీర్తికన్న ఇది తక్కువదని ఎవరనగలరు?

1969లో ఆమె ఉరుగ్వేలోనే మరణించినది. అస్థికలు 1988లో గాని జన్మస్థలమైన మొలిన్స్ దె రేకు చేరలేదు. పేరు మాత్రము మాంటెవీడియో పాఠశాలకే నిలిచినది.