అడగందే అమ్మైనా పెట్టదు

"బయటకెళ్తే హెల్తీగా తినడం కుదరదు బాసూ." ఆఫీసులో ఈ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. నేనూ చాలాసార్లే అన్నాను. మొన్న శ్రీరామనవమికి భద్రాచలం వెళ్ళొచ్చాక మాత్రం, ఇక జన్మలో అనకూడదని తీర్మానించుకున్నా. ఎందుకో చెప్తాను, కోప్పడకుండా చివరిదాకా చదవండి.

మేం నలుగురం, అందరం సాఫ్ట్‌వేరే. నవమి ముందురోజు తెల్లారకుండానే హైదరాబాదులో బయల్దేరాం. సూర్యాపేట, ఖమ్మం, కొత్తగూడెం మీదుగా కారు ప్రయాణం. డిక్కీలో ఒక బ్యాగు నిండా ప్రోటీన్ బార్లు, ఓట్స్ బిస్కట్లు. "ఆ అడవిలో ఏం దొరుకుతుందో ఏమో" అని మావాడి ముందుజాగ్రత్త. ఆ బ్యాగు ఖమ్మం రాకముందే సగం ఖాళీ. అవిగాక తిన్నవి వినండి. సూర్యాపేట దగ్గర పూరీ, ఖమ్మంలో మిరపకాయ బజ్జీలు, కొత్తగూడెంలో ఎగ్ ఫ్రైడ్ రైసు, చిల్లీ చికెను, పైన కూల్‌డ్రింకు. పాల్వంచ దాటేసరికి నాకు గుండెల్లో మంట. వెనక సీట్లోంచి మావాడు నిద్రమత్తులో, "చెప్పానా? బయట హెల్తీగా ఏమీ దొరకదు" అన్నాడు.

ఒళ్ళు మండింది. పూరీ తిన్న చోట పొగలు కక్కే ఇడ్లీ ఉంది. ఫ్రైడ్ రైసు తిన్న చోట అన్నం, పప్పు, గోంగూర, మజ్జిగ ఉన్నాయి. సర్వరు కుర్రాడు వరసపెట్టి చెప్పాడు కూడా. మేమే వినిపించుకోలేదు. దొరక్కపోవడం వేరు, వద్దనుకోవడం వేరు. ఎర్రర్ మెసేజ్ చదవకుండా "సిస్టమ్ పనిచేయట్లేదు" అని టికెట్ పడేసేవాళ్ళని చూస్తే మనకెలా ఉంటుంది? మనం చేసేదీ అదే.

ఇదేదో సరదాకి రాయట్లేదు. నా వయసు 36. కిందటేడు చెకప్‌లో ఫ్యాటీ లివర్ అన్నారు, షుగరు బోర్డర్లో ఉందన్నారు. నేనొక్కణ్ణే అయితే నా ఖర్మ అనుకుందును. 2025లో హైదరాబాదు సెంట్రల్ యూనివర్సిటీ పరిశోధకుల పేపరొకటి సైంటిఫిక్ రిపోర్ట్స్ పత్రికలో వచ్చింది. మన ఊళ్ళోనే 345 మంది ఐటీ ఉద్యోగుల్ని పరీక్షిస్తే 84 శాతం మందికి కాలేయంలో కొవ్వు పేరుకుని ఉందట, 71 శాతం మందికి ఊబకాయమట. వీళ్ళంతా భద్రాచలం రోడ్డు మీద తిని చెడిపోయారా? మన తిండి ఇంటి దగ్గరే చెడింది. ప్రయాణం వంక మాత్రమే.

నవమి నాడు కళ్యాణం చూసుకుని, చెమటలు కక్కుతూ బయటకొస్తే చేతిలో పానకం, వడపప్పు పెట్టారు. నానబెట్టిన పెసరపప్పు, బెల్లంనీళ్ళలో మిరియాలు, యాలకులు. ఎండలో తిరిగొచ్చిన మనిషికి ఏం కావాలో పెద్దవాళ్ళకి తెలుసు. బెల్లమూ చక్కెర లాంటిదేనని నాకూ తెలుసు, అందుకే ఒక్క గ్లాసుతో ఆపాను. మావాడు వడపప్పు పక్కన పెట్టి కూల్‌డ్రింకు కోసం వెతుక్కుంటూ వెళ్ళాడు!

మర్నాడు పొద్దున పర్ణశాల వెళ్తుంటే దారిలో ఒక టీకొట్టు. ముందు తాటిముంజల బుట్ట. "ఇవి హైజీనిక్కేనా?" అన్నాడు మావాడు. కొట్టు పెద్దమ్మ కత్తి ఆపి చూసింది. "నీ కళ్ళముందే కొడుతున్న గదా సారూ, ఇంకేం గావాలె?"

ఇంతకు మించిన ఫుడ్ సేఫ్టీ పాఠం నేనెక్కడా వినలేదు. పొయ్యి మీంచి వేడివేడిగా దిగింది, కళ్ళముందు కోసింది, మనం ఒలుచుకు తినేది: దారిలో ఈ మూడూ నమ్మొచ్చు. మనమేమో ఎప్పుడు కోశారో, ఏ నీళ్ళతో కడిగారో తెలియని సలాడ్ తిని ఆరోగ్యం అనుకుంటాం, అరటిపండుని చిన్నచూపు చూస్తాం.

ఉండబట్టలేక అడిగాను, "పెద్దమ్మా, జావ దొరుకుతుందా?" అని. ఆవిడ నవ్వింది. "అడిగేటోళ్ళు లేక కాయట్లే సారూ. తాగుతానంటే కాస్తా, వచ్చేటప్పుడు ఆగుండ్రి."

తిరిగొచ్చేసరికి రాగిజావ సిద్ధం. పల్చటి మజ్జిగ, ఉప్పు, ఉల్లిపాయ. వంద గ్రాముల రాగుల్లో 300 మిల్లీగ్రాముల పైనే కాల్షియం ఉంటుందని మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పట్టికలు చెప్తాయి. తెల్లబియ్యంలో పది కూడా ఉండదు. నలుగురం తాగాం, మావాడు రెండోసారి పోయించుకున్నాడు. ఆవిడ మనవడు మాత్రం జావ ముట్టకుండా చిప్స్ ప్యాకెట్ నములుతున్నాడు. ఆ ప్యాకెట్లు ఆ కొట్టుకి ఎవరికోసం వచ్చాయి? కార్లలో వచ్చే మనకోసం.

అలాగని "అడవిబిడ్డల తిండి అమృతం, వాళ్ళకి రోగాలే ఉండవు" అని ఫార్వర్డ్ మెసేజీలు పంపే బాపతు కాదు నేను. 1983లో రెండు రూపాయల కిలో బియ్యం వచ్చింది ఆకలి తీర్చడానికి. ఆ అన్నం మానేసి మళ్ళీ గటక తాగండని కోయవాళ్ళకి చెప్పే హక్కు ఏసీ కారులో వెళ్ళిన నాకు లేదు. కానీ కొనే డబ్బు నా జేబులో ఉంది. నేనేం అడిగితే ఆ రోడ్డు మీద అదే వండుతారు. నోరూరేదే అడిగి, ఆనక ఊరిని తిట్టడమేం న్యాయం?

ఇంకో విచిత్రం వినండి. భద్రాచలం ఆదివాసీ మహిళలు చిరుధాన్యాలతో బిస్కట్లు చేసి అమ్ముతున్నారు. 'భద్రాద్రి మిల్లెట్ మ్యాజిక్' అని పేరు. లండన్ దాకా వెళ్తున్నాయని 2025 జూన్‌లో ప్రధాని మన్ కీ బాత్‌లో చెప్పారు. ఆ ఊరికి మేం హైదరాబాదు నుంచి ఓట్స్ బిస్కట్లు మోసుకెళ్ళాం! బిస్కటు ఎంతైనా బిస్కటే, జావకి సాటి రాదు, అది వేరే సంగతి. కానీ వెళ్ళే ఊళ్ళో ఏముందో కనుక్కుందామన్న ఆలోచనే మాకు రాలేదు చూడండి, సిగ్గుపడాల్సింది అందుకు.

కాబట్టి అయ్యలారా, అమ్మలారా, ఈసారి ఊరెళ్తే మెనూ కార్డు పక్కన పెట్టి నోరు తెరిచి అడగండి. లేదంటే లేదంటారు, పోయేదేముంది? నలుగురు అడిగితే రేపు ఐదోవాడికి దొరుకుతుంది. అడక్కుండా "దొరకదు బాసూ" అని మాత్రం నా దగ్గర అనకండి. మా పెద్దమ్మ కొట్టు అడ్రసు చెప్పి పంపిస్తా.