చలికాలపు ఆటకు పద్దు లేదట!

మే నెల వస్తే మా ఆలూరులో వేసవి క్రీడా శిబిరమని బ్యానర్ కడతారు. మొదటిరోజు పెద్దలొస్తారు, ఫొటోలు దిగుతారు, పిల్లలకు బిస్కెట్ ప్యాకెట్లు పంచుతారు. నెల తిరిగేసరికి బ్యానర్ విప్పేస్తారు. కాగితాల్లో శిబిరం అక్కడితో సరి. పిల్లలకు మాత్రం అప్పుడే మొదలు. ఆ నెలరోజుల్లో జట్టుకట్టినవాళ్లు దీపావళి దాటి చలి ముదిరాక కూడా తెల్లారకముందే మైదానానికి వస్తున్నారు. వాళ్లను పట్టించుకున్న నాథుడు లేడు. నేను వెళ్లబోసుకునే గోడు అదే.

ఈ సీమలో ఆటకు అసలు కాలం ఏది? మేలో ఎండ నలభై డిగ్రీలు దాటుతుంది. ఉదయం ఎనిమిదికే నేలమీద అరికాలు ఆనదు. వాన పడిందా, నల్లరేగడి కాలికి పట్టుకుని వదలదు. ఇక మిగిలింది కార్తీకం మొదలు, చలి శివశివా అంటూ వెళ్లిపోయే శివరాత్రి దాకా. ఆ మూడు నాలుగు నెలలే మా పిల్లలు ఊపిరి నిండా పరిగెత్తగలిగేది. శిక్షణకు డబ్బూ మనుషులూ వచ్చేది మాత్రం పరిగెత్తలేని నెలలో!

పుష్యమాసంలో ఒకసారి పొద్దున్నే వచ్చి చూడండి. పొయ్యి బూడిద డబ్బాలో తెచ్చి ఖోఖో గీతలు వేస్తారు. రెండు గుంజలు పాతడానికి ఒకడు గడ్డపార పట్టుకుంటే ఇంకొకడు రాయి వెతుక్కొస్తాడు. వాలీబాల్ నెట్ తెగినచోటల్లా గోనెసంచి పురికొసతో ముడులు. నోట్లోంచి పొగలు వస్తుంటే, స్వెట్టర్ ఉన్నవాడు రెండు ఆటలు ఆడాక దాన్ని విప్పి లేనివాడికి ఇస్తాడు. మా తాలూకా 1953 దాకా బళ్లారి జిల్లాలో ఉండేది. ఇప్పటికీ ఎన్నో ఇళ్లలో కన్నడమే మాట్లాడతారు. మైదానంలో తిట్టుకునేది ఒక భాషలో, రాజీపడేది ఇంకో భాషలో.

ఆదివారాలు వీళ్లు ఊరకుండరు. జొన్నరొట్టె, శెనక్కాయల చట్నీ గుడ్డలో మూటకట్టుకుని దేవరగట్టు ఎక్కుతారు. ఆ గట్టు పేరు చెబితే జనానికి దసరా రాత్రి బన్ని ఉత్సవం, పగిలిన తలలే గుర్తుకొస్తాయి. టీవీలకు కావలసిందీ అంతే. ఆ రాత్రి కర్రలతో ఎదురెదురుగా నిలిచే ఊళ్ల పిల్లలు డిసెంబరులో అదే మెట్లమీద ఒకే మూట విప్పి తింటున్నారు. దాన్ని ఏ కెమెరా చూపించింది?

ఒక సంక్రాంతి సెలవుల్లో పత్తికొండ మీదుగా జొన్నగిరి దగ్గరి ఎర్రగుడికి పోయారు, అశోకుడి శాసనాలు చూడటానికి. అక్కడ బండమీద కొన్ని వరుసలు ఎడమ నుంచి కుడికి, వాటి పక్కవి కుడి నుంచి ఎడమకు నడుస్తాయి, చేను దున్నే మడక తిరిగినట్టు. పాఠంలో అశోకుడి పేరు వస్తే ఆవులించే పిల్లవాడు ఆ బండ చుట్టూ మూడుసార్లు తిరిగాడని వెంట వెళ్లిన మాస్టారు చెప్పారు.

ఆ మాస్టారి సంగతి కూడా చెప్పాలి. బడిలో ఉద్యోగం కాదు. చిన్న వ్యాపారం చేసుకుంటూ, ఒకప్పుడు తాను ఆడిన ఆట పిల్లలకు నేర్పుతున్నారు. బంతి, విజిల్, దెబ్బ తగిలితే కట్టు, అన్నీ ఆయన జేబులోంచే. శిబిరం నెలలో చేతిలో పెట్టే నాలుగు రూపాయలు తప్ప ఏడాది పొడుగునా ఆయనకు దక్కింది లేదు. శాలువా కప్పినవాడూ లేడు.

అసలు దెబ్బ సుగ్గి, అంటే కూలికి పోయే వలస. ఆలూరు, హొళగుంద, కోసిగి వైపు వాన ముఖం చాటేసిన ఏడాది ఊళ్లకు ఊళ్లు తాళాలు వేసుకుని గుంటూరు వైపు పత్తికి, మిరప కోతకు పోతాయి. సరిగ్గా ఆట పుంజుకునే రోజుల్లో జట్టులో సగం మంది లారీ ఎక్కుతారు. పోయినవాళ్లలో ఒకమ్మాయి వాళ్ల నాన్న ఫోన్లోంచి చేసింది. "నా చోట్లో ఎవురు కూచుంటాండారు?" అని మొదటి ప్రశ్న. ఇక్కడి పిల్ల ఫోన్ స్పీకర్లో పెట్టి గీత పక్కన రాయిమీద ఉంచింది. ఆట అయ్యేదాకా ఆ అమ్మాయి కేకలు వింటూ ఉంది. ఉగాదికి వచ్చింది, బడిలో మళ్లీ చేరింది. పుస్తకాలమీది ప్రేమతో వచ్చిందని నేననుకోను. వలస పిల్లల కోసం సీజనల్ హాస్టళ్లు ఉన్నాయి, మంచిదే. పిల్ల ఊళ్లో నిలవాలంటే అన్నంతోపాటు స్నేహితులూ ఉండాలి కదా!

ఆటలు కూడు పెడతాయా అని అడిగేవాళ్లకు పొరుగునున్న అనంతపురం జిల్లా బండ్లపల్లి చూపిస్తాను. వలసలు ఆపాలని తెచ్చిన ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మొదలైంది ఆ ఊళ్లోనే. 2023లో భారత మహిళల క్రికెట్ జట్టు తరఫున బంగ్లాదేశ్‌లో బంతి వేసిన బారెడ్డి అనూష ఆ ఊరి బిడ్డే. విన్సెంట్ ఫెర్రర్ స్థాపించిన స్వచ్ఛంద సంస్థ ఆర్డీటీ అనంతపురంలో మైదానాలు వేసి, ఏడాది పొడుగునా నేర్పింది కాబట్టే ఆ చేతికి బంతి దొరికింది. 2025 జనవరిలో ఢిల్లీలో ఖోఖో ప్రపంచకప్ జరిగితే మన పురుషుల జట్టూ, మహిళల జట్టూ గెలిచాయి. అదే నెలలో మా పిల్లలు బూడిద గీతల మీద అదే ఆట ఆడుతున్నారు. 2023 డిసెంబరు 26న రాష్ట్ర ప్రభుత్వ క్రీడోత్సవం 'ఆడుదాం ఆంధ్రా' మొదలైనప్పుడు గ్రామ, వార్డు సచివాలయాల స్థాయి నుంచి పోటీలు పెట్టారు. చలికాలంలో ఆడించవచ్చని ప్రభుత్వానికీ తెలుసన్నమాట. ఫిబ్రవరిలో ఫైనల్స్ అయ్యాయి, ఆ తర్వాత మా మైదానం మళ్లీ మాస్టారి జేబు మీదే పడింది.

ఈ పిల్లల కోసం ఒక ఆఫీసుకు అర్జీ పట్టుకుపోయాను. "వేసవి శిబిరం పద్దు మేకే, చలికాలానికి పద్దు లేదు" అన్నారు. తల్లిదండ్రులు ఇంకో మాట అంటారు, జనవరి వస్తే పదో తరగతి చదువులట. గంటసేపు పరిగెత్తి వచ్చిన పిల్లవాడు పుస్తకం ముందు నిద్రపోతాడని ఎవరు చెప్పారు వీళ్లకు? ఇంట్లో ఫోను పట్టుకుని రజాయిలో దూరినవాణ్ని మాత్రం ఎవరూ ఏమీ అనరు.

నేను అడిగేది స్టేడియం కాదు. శిబిరం డబ్బులో సగం మే నుంచి తీసి డిసెంబరు, జనవరిలో ఖర్చుపెట్టండి. నేర్పే మనిషికి ఆ రెండు నెలలూ గౌరవవేతనం ఇవ్వండి. సుగ్గికి పోయిన పిల్లల పేర్లు జట్టు రిజిస్టర్లోంచి కొట్టేయకుండా ఉంచండి, తిరిగొచ్చాక మండల పోటీలకు పంపండి. మైదానం గేటు తాళంచెవి ఉదయం ఐదున్నరకు ఎవరిచేతిలో ఉండాలో ఒక కాగితంమీద రాసి సంతకం పెట్టండి. ఇప్పుడు ఆడపిల్లలు కూడా గోడ దూకే లోపలికి పోతున్నారు.