మాట వినడం లేదా, వినపడటం లేదా?



"క్లాసులో ధ్యాస పెట్టడం లేదు" అని ఒక పాప డైరీలో మూడుసార్లు రాశాను. డిక్టేషన్‌లో సగం పదాలు తప్పులే. వెనక నుంచి పిలిస్తే పలికేది కాదు. ఇంట్లో టీవీ సౌండ్ బాగా పెంచుతోందని వాళ్ల అమ్మగారు పీటీఎంలో చెప్పారు. ఇద్దరం కలిసి పాపనే కోప్పడ్డాం. జలుబు ఎంతకీ తగ్గక ఈఎన్‌టీ డాక్టర్‌కు చూపిస్తే అసలు సంగతి తెలిసింది. రెండు చెవుల్లోనూ కర్ణభేరి వెనక నీరు చేరింది. తను మాట వినని పిల్ల కాదు, మాట వినపడని పిల్ల.

ముక్కు వెనక నుంచి మధ్య చెవికి వెళ్లే గొట్టం చిన్నపిల్లల్లో పొట్టిగా, దాదాపు అడ్డంగా ఉంటుంది. జలుబు వల్లో, అడినాయిడ్స్ వాపు వల్లో అది సరిగా పనిచేయకపోతే లోపల ద్రవం నిలిచిపోతుంది. దీన్నే 'గ్లూ ఇయర్' అంటారు. చాలామందిలో నొప్పి ఉండదు, చీము కారదు. అందుకే మనకు అనుమానం రాదు. ఎక్కువమందికి 3 నెలల్లోపు దానంతట అదే తగ్గుతుంది. తగ్గనివారికి అవసరాన్ని బట్టి కర్ణభేరిలో 'గ్రామెట్' అనే చిన్న గొట్టం అమరుస్తారు. ఎవరికి ఆగవచ్చో, ఎవరికి చికిత్స కావాలో తేల్చాల్సింది ఈఎన్‌టీ డాక్టరే. అందుకు చేసే టింపనోమెట్రీ, ఆడియోమెట్రీ పరీక్షల్లో నొప్పి ఉండదు.

బోర్డు కనపడటం లేదంటే వెంటనే కళ్ల డాక్టర్ దగ్గరికి పరిగెత్తుతాం. మరి చెవుల విషయంలో? మార్కులు తగ్గితే ట్యూషన్ పెట్టిస్తాం. చెవి పట్టేసిందంటే నూనె పోస్తాం, ఇయర్‌బడ్ పెడతాం. బడ్ గులిమిని ఇంకా లోపలికి నెడుతుంది.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీ, ప్రభుత్వ బడుల పిల్లలకు చేసే పరీక్షల్లో వినికిడి లోపం కూడా ఉంది. ఫీజులు కట్టి చదివించే మన పిల్లలకు ఎందుకు ఉండకూడదు? మన హెల్త్ క్యాంపులో ఎత్తు, బరువు, పళ్లు, చూపుతో పాటు ఆడియోమెట్రీ కూడా చేర్చాలని నా అభిప్రాయం. టార్చి వేసి చెవిలోకి చూసినంత మాత్రాన వినికిడి పరీక్ష చేసినట్టు కాదు.

అంతవరకు ఒక్క మాట. పదేపదే "ఆఁ?" అంటున్నా, టీవీకి దగ్గరగా జరుగుతున్నా, జలుబు తర్వాత చదువు తగ్గినా, కోప్పడే ముందు ఒకసారి చెవులు చూపించండి. నేను కూడా ఇకపై డైరీలో "ధ్యాస లేదు" అని రాసే ముందు, "వినికిడి పరీక్ష చేయించారా?" అని అడుగుతాను.

— మూడో తరగతి క్లాస్ టీచర్